ఒక్కరే వెళ్తే కూర్చోనిస్తారా? అది కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో విదేశాలకు వెళ్ళేవాళ్ళ కోసం రెస్టారెంట్లు, కాఫీ షాపుల జాబితా ఒకటి వేశారు. రెండుసార్లు చదివాను. ఫోటోలు బాగున్నాయి. ఏ స్టేషన్‌లో దిగి ఎటు నడవాలో కూడా రాశారు, ఆ శ్రద్ధ నాకు నచ్చింది. కానీ ప్రతి పేరు కింద ఒక లైను ఉంది: "ఇద్దరికి సుమారు ఖర్చు". పది చోట్లకూ ఇద్దరికే. ఒక్కరే వెళ్తే అక్కడ ఎలా ఉంటుంది, కూర్చోనిస్తారా, ఎక్కడ కూర్చోబెడతారు అన్న మాట ఎక్కడా లేదు. ఈ ఉత్తరం దాని గురించే.

నేను 2008 నుంచి పరాయి దేశాల్లో ఉంటున్నాను. ఓడల మీద సరుకు పంపే కంపెనీల లెక్కలు తనిఖీ చేయడం నా ఉద్యోగం. మొదట సింగపూర్‌లో ఏడేళ్ళు, ఆ తర్వాత వియన్నాలో. మధ్యలో పని పడిన ఊరికల్లా వెళ్ళడం, నాలుగు రోజులో రెండు వారాలో ఉండి రావడం. ఈ తిరుగుడంతా ఒక్కదాన్నే. పగలంతా ఆఫీసులో మనుషుల మధ్యే ఉంటాను. సాయంత్రం ఆరు దాటాక వాళ్ళు ఇళ్ళకు వెళ్తారు, నేను గదికి వెళ్తాను. అప్పుడు ఆకలేస్తుంది. ఆ ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళు ఎవరూ ఉండరు. ఏం తినాలి అన్నది తర్వాత సంగతి, ఎక్కడ కూర్చుని తినాలి అన్నదే నాకు మొదటి ప్రశ్న.

జాబితా రాసినవారికి ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. రెండు అనుభవాలు చెబుతాను. ఒక ఊళ్ళో, ఆ ఊరి పేరు గానీ ఆ రెస్టారెంట్ పేరు గానీ రాయను, సగం టేబుళ్ళు ఖాళీగా ఉన్నాయి. తలుపు దగ్గర నిలబడ్డ అబ్బాయి నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూశాడు. ఎవరూ రాలేదు. టాయిలెట్ తలుపుకు ఆనుకుని ఉన్న టేబుల్ చూపించాడు. నేను కూర్చోగానే ఎదుటి కుర్చీ ముందున్న ప్లేటు, గ్లాసు, ఫోర్కు, నాప్‌కిన్ ఒక్కొక్కటే తీసి చేతి మీద పేర్చుకుని వెళ్ళిపోయాడు. అతన్ని తప్పు పట్టను, అతనికి అలా చేయమనే నేర్పి ఉంటారు. కానీ ఆ రాత్రి ఏం తిన్నానో నాకు గుర్తు లేదు, ఖాళీ అయిన ఆ సగం టేబుల్ మాత్రం గుర్తుంది. రెండోది ఇంకా మామూలు సంగతి. ఈమధ్య చాలా చోట్ల ఫోన్‌లోనే టేబుల్ బుక్ చేసుకోవాలి. ఎంతమంది అన్న చోట నొక్కితే అంకెలు రెండుతో మొదలవుతాయి. ఒకటి ఉండదు. ఇద్దరని నొక్కి ఒక్కదాన్నే వెళ్ళిన రోజులు ఉన్నాయి. వెళ్ళి, రెండో మనిషి రాలేదని అబద్ధం చెప్పాల్సి వచ్చేది. ఆ అబద్ధం చెప్పడం మానేసి చాలా కాలమైంది.

అలా తిరిగి తిరిగి నాకంటూ ఒక జాబితా తయారైంది. అందులో ఉన్నవన్నీ రుచిగా వండే చోట్లే. అయితే అవి నా జాబితాలోకి ఎక్కిన కారణం రుచి కాదు.

సింగపూర్‌లో దిగిన మొదటి వారమే మాక్స్‌వెల్ ఫుడ్ సెంటర్‌కు వెళ్ళాను. చైనాటౌన్‌లో, పైకప్పు ఉండి గోడలు లేని పెద్ద షెడ్డు. వరుసగా చిన్న చిన్న దుకాణాలు, మధ్యలో నేలకు బిగించిన టేబుళ్ళు, స్టూళ్ళు. ఇలాంటివాటిని అక్కడ హాకర్ సెంటర్లు అంటారు. ఒకప్పుడు వీధుల్లో అమ్ముకునేవాళ్ళను ప్రభుత్వం 1970లలో, 80లలో నీళ్ళ కుళాయి, మురుగు కాలువ ఉన్న ఇలాంటి షెడ్లలోకి తీసుకొచ్చింది. ఇప్పుడు దేశమంతా కలిపి వందకు పైగా ఉన్నాయి. 2020 డిసెంబర్‌లో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ వార్త చదివిన రోజు నేను వియన్నాలో ఉన్నాను, నా ఇంటివాళ్ళకు బహుమతి వచ్చినంత సంతోషపడ్డాను.

నేను వెళ్ళింది మధ్యాహ్నం ఒంటి గంటకు. ఒక్క స్టూలు ఖాళీ లేదు. ఒకటి ఖాళీగా కనిపిస్తే అటు వెళ్ళాను. దాని ముందు టేబుల్ మీద చిన్న టిష్యూ ప్యాకెట్ ఉంది. ఎవరో మరిచిపోయారనుకుని కూర్చోబోతుంటే పక్కనున్న పెద్దాయన తల అడ్డంగా ఊపి "చోప్" అన్నాడు. ఆ చోటు ఎవరో పట్టుకున్నారని అర్థం. టిష్యూ ప్యాకెట్ పెట్టేసి తిండి తెచ్చుకోవడానికి వెళ్తారు, ఎవరూ దాన్ని కదిలించరు. ఇద్దరు వెళ్తే ఒకరు చోటు కాస్తారు, ఒకరు లైన్లో నిలబడతారు. ఒక్కరే వెళ్తే ఎలా? సింగపూర్‌లో ఆ పని టిష్యూ ప్యాకెట్ చేస్తుంది. అదే పెద్దాయన కొంచెం జరిగి, తన సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, నాకు చోటు చూపించాడు. మా ఇద్దరికీ పరిచయం లేదు, తర్వాత కూడా కలవలేదు. పదిహేను నిమిషాలు ఒకే టేబుల్ మీద తిన్నాం.

ఆ రోజు నేను తెచ్చుకున్నది తియాన్ తియాన్ అనే దుకాణంలో హైనాన్ చికెన్ రైస్. ఆ దుకాణానికి పేరుంది, లైను ఎప్పుడూ పొడుగే. కోడిని ఉడికించిన నీళ్ళలో అల్లం, వెల్లుల్లి వేసి అన్నం వండుతారు. కోడి మెత్తగా, పెద్ద రుచేమీ లేనట్టు ఉంటుంది. పక్కన పెట్టే మిరప చట్నీతో తింటే అప్పుడు తెలుస్తుంది. నన్నడిగితే ఆ వంటకంలో అసలు సంగతి అన్నమే. కోడి ముక్కలన్నీ అయిపోయాక ఉత్త అన్నం తిన్నాను, అదే ఎక్కువ బాగుంది.

కాఫీ భాష నేర్చుకోవడానికి మాత్రం నెల పట్టింది. అక్కడ కాఫీని కోపీ అంటారు. గింజలను వెన్న, పంచదార కలిపి వేయిస్తారు, పొడవాటి గుడ్డ సంచిలో వడకడతారు. కోపీ అంటే చిక్కటి తీపి పాలతో. కోపీ-ఓ అంటే పాలు లేకుండా, పంచదారతో. కోపీ-సీ అంటే తీపి లేని డబ్బా పాలు, పంచదార. చివర కోసోంగ్ అంటే పంచదార వద్దు. అది మలయ్ మాట, ఖాళీ అని అర్థం. సియూ దాయ్ అంటే తీపి తక్కువ. గావ్ అంటే చిక్కగా. వీటిని ఆడిట్ నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకున్నాను. దుకాణంలో పెద్దవాళ్ళను అంకుల్, ఆంటీ అని పిలవాలి. మా ఆఫీసు దగ్గరి ఆంటీ నెల తర్వాత నన్ను చూడగానే "కోపీ-సీ కోసోంగ్" అని తనే అరిచి చెప్పేది. అప్పట్లో కప్పు డాలర్ లోపే. ఆ ఊళ్ళో నా ఇష్టం ఏమిటో మొదట తెలుసుకున్న మనిషి ఆవిడే.

ఒక్క మాట చెప్పాలి. 2021 సెప్టెంబర్ నుంచి తిన్న ట్రే మనమే తీసుకెళ్ళి పెట్టాలని నియమం గట్టిగా అమలు చేస్తున్నారు. మొదటిసారి హెచ్చరిక, మళ్ళీ చేస్తే జరిమానా. కొందరు గొణుగుతారు గానీ నాకది నచ్చింది. ఆ టేబుళ్ళు తుడిచేవాళ్ళలో చాలామంది వయసైపోయినవాళ్ళు. మీ పాఠకులు వెళ్తే ట్రే వదిలేసి రావద్దు.

సింగపూర్‌లో ఉన్నప్పుడే పని మీద టోక్యో వెళ్ళడం మొదలైంది. రెస్టారెంట్ తలుపు తీయగానే ఎంతమంది అని అడుగుతారు. ఒక వేలు చూపిస్తే "ఒహితోరిసామా" అంటారు. హితోరి అంటే ఒక్క మనిషి. ముందున్న ఓ, చివరనున్న సామా రెండూ గౌరవం కోసం చేర్చినవి. ఒక్కరే వచ్చినవాళ్ళకు ముందూ వెనకా మర్యాద తగిలించిన మాట ఒకటి ఉందని అక్కడి సహోద్యోగి విడదీసి చెప్పినప్పుడు నాకు చాలా బాగా అనిపించింది. ఆ మాట వినడానికే రెండో రోజు మళ్ళీ వెళ్ళాను. రామెన్ అనే నూడుల్స్ సూపు అమ్మే దుకాణాల్లో అయితే మాట కూడా అక్కర్లేదు. చాలా చోట్ల తలుపు దగ్గర మెషిన్ ఉంటుంది. డబ్బులు వేసి బొమ్మ నొక్కితే చీటీ వస్తుంది. అది వంటాయనకు ఇచ్చి బల్ల ముందు కూర్చోవడమే. కుర్చీలన్నీ వంటింటి వైపు తిరిగి ఒకే వరుసలో ఉంటాయి. ఎదుటి కుర్చీ అన్నదే లేదు కాబట్టి అది ఖాళీగా ఉందన్న బాధ కూడా లేదు.

టోక్యోలోనే గింజా అనే పేటలో, ఒక సందులో కాఫే ద లాంబ్ర్ అని ఉంది. 1948లో ఇచిరో సెకిగుచి అనే ఆయన పెట్టారు. బయట బోర్డు మీదే రాసి ఉంటుంది, ఇక్కడ కాఫీ ఒక్కటే అని. తినడానికి ఏమీ అడగకూడదన్న మాట. కాఫీ గింజలను ఏళ్ళ తరబడి దాచి, ఆ తర్వాత వేయించి వాడడం ఆయన పద్ధతి. ఏ దేశం గింజ, ఏ సంవత్సరానిది అని జాబితాలో ఉంటుంది. పదుల ఏళ్ళ నాటివి కూడా ఉంటాయి. నేను వెళ్ళింది 2013లో. బల్ల వెనక మనిషి గుడ్డ ఫిల్టర్‌లో పొడి వేసి సన్నటి ధారగా నీళ్ళు పోస్తూ ఫిల్టర్ నెమ్మదిగా తిప్పుతున్నాడు. ఆ పని జరుగుతున్నంతసేపూ అతను తల ఎత్తలేదు, నేనూ మాట్లాడలేదు. నా కుడి పక్క ఒక ముసలావిడ, ఎడమ పక్క కోటు వేసుకున్న ఒకాయన. ముగ్గురం ఒక్కొక్కరిగానే వచ్చాం, ముగ్గురం ఆ ధారనే చూస్తున్నాం. తర్వాత చల్లటిది ఒకటి తీసుకున్నాను. వెడల్పాటి షాంపేన్ గ్లాసులో తీపి కాఫీ, పైన తెల్లటి పాల పొర. కలపకుండా తాగాలి. సెకిగుచి గారు 2018లో, 103 ఏళ్ళ వయసులో పోయారు. దుకాణం నడుస్తోంది.

వియత్నాం రాజధాని హనోయ్‌లో కఫే జాంగ్ గురించి మీ జాబితాలో ఉంది, సంతోషం. గ్వెన్ వాన్ జాంగ్ అనే ఆయన మెట్రోపోల్ హోటల్లో పని చేసేవారని, 1946లో పాలు దొరకని రోజుల్లో పాలకు బదులు కోడిగుడ్డు పచ్చసొన గిలకొట్టి కాఫీ మీద వేశారని మీరే రాశారు. మీరు రాయనిది ఒకటుంది. అక్కడ ఒక్కరే వెళ్తే చక్కగా ఉంటుంది. సన్నటి సందులోంచి లోపలికి వెళ్తే మోకాలి ఎత్తు కూడా లేని స్టూళ్ళు. ఎవరికీ సొంత టేబుల్ అన్నది లేదు. కప్పు చల్లారకుండా వేడి నీళ్ళ గిన్నెలో పెట్టి ఇస్తారు. పక్కవాళ్ళ గిన్నె, మన గిన్నె ఒకే బల్ల మీద ఉంటాయి.

ఇక యజమానుల వైపు మాట. లెక్కలు చూసే మనిషిని కాబట్టి వాళ్ళ లెక్క నాకు తెలుసు. నలుగురు పట్టే టేబుల్ మీద ఒక్కరు గంటసేపు కూర్చుంటే మూడు కుర్చీల అద్దె నష్టం. ఇద్దరి టేబుల్ మీద ఒక్కరు కూర్చున్నా సగం నష్టం. అందుకే ఒక్కరిని టాయిలెట్ పక్కకు పంపుతారు. కానీ ఈ లెక్కకు ఎప్పుడో జవాబు కనిపెట్టిన ఊళ్ళు ఉన్నాయి.

పారిస్‌లో బుయాన్ షార్తియే అని 1896 నుంచి ఉంది, ఫోబూర్గ్ మోన్‌మార్త్ర్ వీధిలో. పని చేసుకునేవాళ్ళకు తక్కువ ధరలో వేడి సూపు, కూర పెట్టడానికి 19వ శతాబ్దంలో పుట్టిన హోటళ్ళను బుయాన్ అంటారు. ఆ మాటకు మాంసం ఉడికించిన రసం అని అర్థం. షార్తియేలో హాలు చాలా పెద్దది, పైన అద్దాల కప్పు, కుర్చీల పైన సామాను పెట్టుకునే ఇత్తడి కమ్మీలు. ముందుగా బుక్ చేసుకోవడం లేదు, బయట లైన్లో నిలబడాలి. ఒక్కరం అని చెబితే లైన్లో కొంచెం ముందుకు పిలుస్తారు, ఎందుకంటే ఎక్కడో ఒక టేబుల్ దగ్గర ఒక కుర్చీ మిగిలే ఉంటుంది. నన్ను ముగ్గురు పెద్దవాళ్ళ దగ్గర కూర్చోబెట్టారు. వాళ్ళు రొట్టె బుట్ట నా వైపు జరిపి మళ్ళీ తమ మాటల్లో పడ్డారు. వెయిటర్ టేబుల్ మీద పరిచిన కాగితం మీదే నా ఆర్డర్ రాశాడు: ఉడికించిన గుడ్డు, మయొనైజ్, ఒక చేప, ఒక కాఫీ. తిన్నాక ఆ కాగితం మీదే కూడిక వేశాడు. కూడిక తప్పు లేదు, చూశాను, అలవాటు. గోడకు చిన్న చిన్న చెక్క సొరుగులు ఉన్నాయి, అంకెలతో. రోజూ వచ్చేవాళ్ళు ఒకప్పుడు తమ నాప్‌కిన్ అందులో దాచుకునేవారు. రోజూ వచ్చి తినేవాళ్ళలో ఎక్కువమంది ఒంటరివాళ్ళే అయి ఉంటారని ఆ సొరుగులు చూస్తే అనిపించింది.

ఇటలీలో ఇంకో పద్ధతి. చాలా చోట్ల కాఫీకి రెండు ధరలు ఉంటాయి, కౌంటర్ బల్ల దగ్గర నిలబడి తాగితే ఒకటి, టేబుల్ దగ్గర కూర్చుంటే ఒకటి. కొత్తవాళ్ళు మోసపోయామనుకుంటారు. నాకది నిజాయితీగా కనిపిస్తుంది. కుర్చీకి ఇంత అని ముందే రాసి పెట్టారు. ఒక్కరు కూర్చున్నా ఆ కుర్చీ డబ్బు ఇచ్చి కూర్చున్నట్టే. ఇంక ఎవరి మొహం చూసి సిగ్గుపడాలి? పాదువా ఊళ్ళో కఫే పెద్రోక్కి అని 1831లో తెరిచినది ఉంది. 1916 దాకా రాత్రీ పగలూ మూసేవాళ్ళు కాదట, తలుపులు లేని కఫే అని పేరు. లోపల ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ గదులు. ఆకుపచ్చ గదిలో ఏమీ కొనకపోయినా కూర్చోవచ్చు, అది పాత మర్యాద. యూనివర్సిటీ పిల్లలు పుస్తకాలు తెచ్చుకుని అక్కడ కూర్చునేవారు. నేను వెళ్ళిన రోజు కాసేపు ఉత్తినే కూర్చుని చూద్దామని ఆకుపచ్చ గదిలోకే వెళ్ళాను. పది నిమిషాలయ్యాక మనసొప్పక వేరే గదిలోకి మారి వాళ్ళ పేరున్న కాఫీ తెప్పించుకున్నాను. పైన పుదీనా క్రీము, దాని మీద కోకో పొడి. చెంచాతో కలపొద్దని చెప్పారు. కింద వేడి, పైన చల్లదనం ఒకేసారి నోటికి తగలాలి.

ఇస్తాంబుల్ గురించి రాస్తే ఈ ఉత్తరం మీరు వేయలేనంత పెద్దదవుతుంది కాబట్టి రెండే. సముద్రం దాటి ఆసియా వైపు కడికోయ్‌కు ఫెర్రీలో వెళ్ళాలి, ఇరవై నిమిషాలు. అక్కడ ముసా దాడెవిరెన్ అనే వంటాయన నడిపే చియా సోఫ్రాసి అనే రెస్టారెంట్ ఉంది. దేశం నలుమూలల పల్లెల్లో మరుగున పడుతున్న వంటలను వెతికి తెచ్చి వండుతారు. చల్లటి కూరలు మనమే పళ్ళెంలో పెట్టుకుంటే తూకం వేసి ధర కడతారు. ఒక్కరికి ఇంతకన్నా మేలైన ఏర్పాటు ఉండదు. ఇద్దరి కోసం చేసిన పెద్ద ప్లేటు తెప్పించి సగం వదిలేయక్కర్లేదు, ఎనిమిది రకాలు ఒక్కో చెంచా రుచి చూడవచ్చు. చివర్లో పాకంలో ఊరిన పచ్చి వాల్‌నట్ అడగండి, తొక్కతో సహా నల్లగా ఉంటుంది, భయపడకుండా తినండి. రెండోది వేఫా బోజాజిసి, 1876 నాటి దుకాణం. పులియబెట్టిన ధాన్యంతో చేసిన బోజా అనే చిక్కటి పానీయం, పులుపూ తీపీ కలిసి, పైన దాల్చిన చెక్క పొడి. ఎదురు దుకాణంలో వేయించిన శనగలు కొనుక్కొచ్చి మీద చల్లుకుంటారు. టర్కీ మొదటి అధ్యక్షుడు అతాతుర్క్ తాగిన గ్లాసును గోడకు అద్దం వెనక భద్రంగా పెట్టారు. జనవరి చలిలో అక్కడ నిలబడి తాగాను. అందరూ నిలబడే ఉన్నారు, ఎవరు ఎవరితో వచ్చారో తెలియలేదు.

వియన్నాను చివరికి ఉంచుకున్నాను, ఎందుకంటే నేను ఉంటున్నది ఇక్కడే.

మీ జాబితాలో వియన్నాకు కఫే సెంట్రల్ వేశారు. 1876 నాటిది, లోపలి స్తంభాలు, కమానులు చూసి తీరాల్సినవే. కానీ ఇప్పుడు బయట పర్యాటకుల లైను, లోపల ఫోటోల హడావిడి. ఒక్కరే వెళ్ళి గంటసేపు కూర్చునే చోటు కాదిప్పుడు. ఒకప్పుడు అలాంటి చోటే. తలుపు దగ్గర కూర్చున్న బొమ్మ పీటర్ ఆల్టెన్‌బర్గ్ అనే రచయితది. ఆయన తన ఉత్తరాల చిరునామాగా ఆ కఫే పేరే ఇచ్చేవారు.

నేను వెళ్ళేది డొరొతేయర్‌గాసె అనే వీధిలో ఉన్న హావెల్కా కఫేకు. లియోపోల్డ్ హావెల్కా, జోసెఫీన్ అనే దంపతులు 1939లో తెరిచారు. యుద్ధంలో మూసేసి 1945లో మళ్ళీ తెరిచారు. లోపల వెలుతురు తక్కువ, గోడల నిండా పాత పోస్టర్లు, చారల గుడ్డ వేసిన సోఫాలు అరిగిపోయి ఉంటాయి. జోసెఫీన్ గారు ఉన్న రోజుల్లో ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో ఆవిడే చూసుకునేదని, కొత్తగా ఒంటరిగా వచ్చినవాళ్ళను ఇంకొకరి టేబుల్ దగ్గర కూర్చోబెట్టేదని పాతవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఆవిడ 2005లో పోయింది. ఆయన 2011 డిసెంబర్‌లో, నూరేళ్ళు నిండాక పోయారు. నేను వచ్చేనాటికి ఇద్దరూ లేరు. కుటుంబమే నడుపుతోంది.

వియన్నా కాఫీ హౌస్‌లో కాఫీ చిన్న లోహపు ట్రేలో వస్తుంది, పక్కన గ్లాసుతో మంచినీళ్ళు, గ్లాసు మీద చెంచా బోర్లించి. నేను తెప్పించుకునేది మెలాంజ్, సగం కాఫీ సగం పాలు, పైన నురుగు. చలికాలంలో ఐన్‌ష్పెన్నర్, గాజు గ్లాసులో నల్ల కాఫీ మీద గిలకొట్టిన క్రీము. ఒంటి గుర్రం బండికి ఆ పేరు. వార్తాపత్రికలు చెక్క కర్రలకు తగిలించి ఉంటాయి, ఎవరైనా తీసుకుని చదువుకోవచ్చు. ఒంటరిగా కూర్చున్న మనిషి చేతులకు ఏదో ఒక పని కావాలి. ఇక్కడివాళ్ళు ఆ సంగతి ఎప్పుడో గ్రహించి పేపర్లు కర్రకు కట్టి పెట్టారు. నా జర్మన్ చాలావరకు అలా నేర్చుకున్నదే. మొదటి ఏడాది హెడ్డింగులు మాత్రమే, మూడో ఏటికి పాఠకుల ఉత్తరాలు.

అన్నిటికన్నా పెద్ద సంగతి బిల్లు. మనం అడిగేదాకా తేరు. చాలా దేశాల్లో కప్పు ఖాళీ అవగానే బిల్లు తెచ్చి పెడతారు, ఇంక లేవమని దాని అర్థం. ఇక్కడ వెయిటర్‌ను పిలిచి డబ్బు కడతానని మనమే చెప్పాలి. అప్పటిదాకా నీళ్ళ గ్లాసు ఖాళీ అయితే ఇంకోటి తెచ్చి పెడతాడు. వెయిటర్లు నవ్వరు, కొంచెం కరుకుగా మాట్లాడతారు, కొత్తవాళ్ళు నొచ్చుకుంటారు. నాకు ఆ నీళ్ళ గ్లాసు చాలు. 2011లో ఆస్ట్రియా తన వారసత్వాల జాబితాలో వియన్నా కాఫీ హౌస్ సంస్కృతిని చేర్చుకుంది. అక్కడ ఖర్చయ్యేది కాలమూ చోటూ, బిల్లులో కనిపించేది కాఫీ ఒక్కటే అన్న అర్థం వచ్చేలా అందులో రాశారు. లెక్కల మనిషిగా నేను చదివిన బిల్లు వివరణల్లో అది అన్నిటికన్నా సరైనది.

2017లో ఒక పెద్ద ఆడిట్ నా చేతిలో చెడింది. మూడు వారాలు సరిగ్గా నిద్ర లేదు, ఒకటే టెన్షన్. గదిలో ఉండలేక రోజూ రాత్రి హావెల్కాకు వెళ్ళేదాన్ని. అదే మూల, ఒకే మెలాంజ్, రెండు గంటలు. ఎవరూ ఏమీ అడగలేదు. నాలుగో రాత్రి అనుకుంటాను, వెయిటర్ నా మూల టేబుల్ మీద కూర్చోబోతున్న ఇద్దరిని వేరే చోటికి పంపించి, నన్ను చూసి కుర్చీ కొంచెం వెనక్కి లాగాడు. ఆ ఇద్దరూ ఎక్కువ బిల్లు చేసేవాళ్ళే కదా. ఆ కుర్చీ లాగిన చప్పుడు ఇంకా వినిపిస్తుంది నాకు.

సంపాదకుల గారూ, నా విన్నపం ఒక్కటే. మీ పత్రిక చదివి విదేశాలకు వెళ్ళేవాళ్ళలో కుటుంబాలతో వెళ్ళేవాళ్ళే కాదు, ఒక్కరే వెళ్ళేవాళ్ళూ చాలామంది ఉన్నారు. చదువుకోవడానికి వెళ్ళే పిల్లలు, నాలాగా పని మీద తిరిగేవాళ్ళు, పిల్లల దగ్గరికి వెళ్ళి పగలంతా ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు. వాళ్ళలో చాలామంది లోపలికి వెళ్ళడానికి మొహమాటపడి, గదిలో బ్రెడ్డు తిని పడుకుంటారు. నేనూ మొదట్లో అలా చేశాను. వచ్చేసారి జాబితా వేసినప్పుడు, ఇద్దరికి ఎంత అన్న లైను కింద ఒక్కరి కోసం ఇంకో లైను వేయండి. బల్ల ముందు విడి కుర్చీలు ఉన్నాయా, పక్కవాళ్ళతో టేబుల్ పంచుకోనిస్తారా, బిల్లు అడక్కుండా తెస్తారా, ఏ గంటకు వెళ్తే ఖాళీగా ఉంటుంది, ఈ నాలుగూ చాలు. మీ పాఠకులనే అడగండి, రాసి పంపుతారు.

మొదటిది నేనే పంపుతున్నాను:

హావెల్కా, వియన్నా. ఒక్కరికి చోటు ఉంది, లోపలి మూల బాగుంటుంది. టేబుల్ పంచుకోవాల్సి రావచ్చు. బిల్లు మీరే అడగాలి. రాత్రి 8 దాటాక రేగు లాంటి ప్లమ్ జామ్ పెట్టి కాల్చిన వేడి బుఖ్టెల్న్ అనే తీపి బన్నులు పొయ్యిలోంచి వస్తాయి, ఏడున్నరకే వెళ్ళి కూర్చోండి. రెండు తెప్పించుకోండి, ఒకటి సరిపోదు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
వియన్నా